పాత నూలు చీరలతో ఉతికి వాడుకునే జడ పట్ట

గుడ్డపేలికలను జడలా అల్లి, చుట్టి కుట్టి ఇంట్లో చేసుకున్న పట్ట, అంటే నేల మీద పరిచే చాప లాంటిది, మొదటి ఉతుకులోనే ముడుచుకుపోయినా, రంగులు కలగాపులగమైనా, లోపం సాధారణంగా అల్లికలో ఉండదు. గుడ్డను ఏరుకోవడంలోనూ, అల్లేముందు దాన్ని తడిపి ఆరబెట్టడంలోనూ ఉంటుంది. వరంగల్ జంపఖానాల వంటివి నేయడానికి మగ్గం కావాలి కానీ, మూడు పాయల జడ వేయడం వచ్చినవారు ఎవరైనా, మగ్గం లేకుండానే, పడకగది ముందు వేసుకునే 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవు గల అండాకారపు పట్టను చేసుకోవచ్చు. దీనికి మూడు పాత నూలు చీరలు సరిపోతాయి, కొంత మిగులుతుంది కూడా.

నూలుకు ఉన్న గొప్ప గుణం ఏమిటంటే, అది తడిసినప్పుడు బలహీనపడదు, పైగా మరింత గట్టిపడుతుంది. రేయాన్ తడిస్తే బలం కోల్పోతుంది. పాలియెస్టర్ నీటిని పీల్చదు కాబట్టి తడి పాదాలకు పనికిరాదు. చీర అసలైన నూలుదేనా అన్న అనుమానం ఉంటే నాలుగు పోగులు లాగి కాల్చి చూడాలి: నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది, పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూసలా అవుతుంది. గోనె సంచులు చూడడానికి అందంగా ఉన్నా తరచూ ఉతికే పట్టకు వాటిని నేను సిఫారసు చేయను, ఎందుకంటే జనపనార తడిలో బలహీనపడుతుంది, పీచు రాలుస్తుంది. కొబ్బరి పీచు నీటికి బాగా తట్టుకుంటుంది కానీ గరుకుగా ఉంటుంది కాబట్టి దాని చోటు గుమ్మం బయటే.

చీరలకు ఉన్న ఫాల్‌నూ జరీ అంచులనూ విప్పేసి, బట్టల సోడా వేసిన వేడినీళ్లలో ఉతికి, గంజి పూర్తిగా పోయేదాకా జాడించాలి. కుంచించుకుపోయేది ఏదైనా ఉంటే ఇప్పుడే కుంచించుకుపోవాలి. ఒక పాయ కుంచించుకుపోయి పక్క పాయలు నిలిచిపోతే పట్ట ఎగుడుదిగుడు అవుతుంది. తరువాత తడిపిన తెల్లగుడ్డతో ప్రతి చీరనూ గట్టిగా రుద్ది చూసి, రంగు అంటుతుంటే ఆ చీరను మానుకోవాలి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది నమ్ముతారు, కానీ ఉప్పు అద్దకం వేసేటప్పుడు రంగు నూలుకు పట్టడానికి తోడ్పడుతుందే తప్ప, అద్దకం ముగిసిన గుడ్డలో రంగును కట్టివేయలేదు. నేను మొదట అల్లిన పట్టలో ఒక ఎర్రచీర పక్కనున్న తెల్లపాయలన్నిటినీ పాడుచేసింది. అప్పటి నుంచి ఈ పరీక్ష చేయకుండా ఏ చీరనూ చింపలేదు.

గుడ్డను కత్తెరతో కోయడం కంటే చింపడమే మేలు, ఎందుకంటే చినుగు పడుగు పోగు (చీర పొడవునా సాగే నిలువు పోగు) వెంటే తిన్నగా సాగుతుంది. పలుచని చీరనైతే పొడవునా 10 సెంటీమీటర్ల పేలికలుగా, మందపాటి దుప్పటినైతే 6 సెంటీమీటర్ల పేలికలుగా చింపాలి. పేలికలను ముడివేస్తే పాదానికి గుచ్చుకుంటాయి కాబట్టి కొసలను ఏటవాలుగా ఒకదానిపై ఒకటి పెట్టి కుట్టాలి. మూడు పాయల అతుకులూ ఒకే చోట పడకుండా మొదటి పేలికలను వేర్వేరు పొడవుల్లో తీసుకోవాలి. ఒక్కో పాయను ఉండగా చుట్టి పిన్నుతో బిగిస్తే కింది కొసలు చిక్కుపడవు. మూడింటినీ కిటికీ ఊచకు కట్టి, అంచులు లోపలికి మడుస్తూ, ఒకే బిగువుతో రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు జడ వచ్చేలా అల్లాలి.

అసలు నేర్పు చుట్టి కుట్టడంలో ఉంది. మధ్యలో ఉండే తిన్నని జడ పొడవు పట్ట పొడవులోంచి వెడల్పును తీసివేస్తే వస్తుంది. మన కొలతకు అది 30 సెంటీమీటర్లు. అక్కడ జడను వెనక్కి మళ్లించి చుట్టుకుంటూ పోవాలి. ఒడిలో పెట్టుకుని కుడితే పట్ట గిన్నెలా వంగిపోతుంది కాబట్టి నేల మీదో బల్ల మీదో పరిచే కుట్టాలి. మొన అరగదీసిన దబ్బనానికి రెండు పేటల నూలుదారం ఎక్కించి, గుడ్డను గుచ్చకుండా మెలికల సందుల్లోంచి పోనిస్తే కుట్టు కనబడదు, పేలిక కూడా చినగదు. ప్రతి చుట్టు పొడవూ లోపలి చుట్టు కంటే సుమారు 16 సెంటీమీటర్లు, అంటే ఒక్కో కొస వంపు దగ్గర 8 సెంటీమీటర్లు పెరగాలి. పట్ట ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు, ఎందుకంటే అది జడ వెడల్పును బట్టి వచ్చేది. అందుకు వంపుల దగ్గర లోపలి చుట్టు మెలికలన్నిటినీ పట్టుకుంటూ, బయటి జడలో అక్కడక్కడ ఒక మెలికను వదిలివేయాలి. అంచులు పైకి లేస్తే వదిలినవి చాలలేదనీ, అలల్లా ముడతలు పడితే ఎక్కువయ్యాయనీ గ్రహించి, ఆ చుట్టును అప్పుడే విప్పి సరిచేయాలి. ఇస్త్రీతో సర్దుకుంటుందని వదిలేస్తే ఉతికినప్పుడు మళ్లీ బయటపడుతుంది. చివరి 30 సెంటీమీటర్లలో పేలికలను సన్నగా కత్తిరించి అల్లి, ఆ కొసను పక్క చుట్టు మెలికల్లో దూర్చి కుట్టేయాలి.

జారకుండా అడుగున రబ్బరు జల్లెడ షీటును విడిగా వేసుకోవాలి, అంటించకూడదు. ముఖ్యంగా పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది తప్పనిసరి. ఈ పరిమాణపు పట్టను మెషిన్‌లో చల్లనీళ్లతో ఉతకవచ్చు. నీళ్లు పీల్చాక బరువెక్కుతుంది కాబట్టి తీగ మీద వేలాడదీస్తే సాగిపోతుంది. నులక మంచం మీద పరిస్తే కిందనుంచీ గాలి తగులుతుంది. సగం ఆరాక తిరగేయాలి. వానాకాలంలో ఒక్క రోజులో ఆరదనిపిస్తే దులిపి ఊరుకోవడమే మంచిది, తడి మిగిలిన జడ లోపల బూజు పడుతుంది.