అజైల్ వెనకున్న జ్ఞానం, 4వ పాఠం: కేటీ రికార్డింగ్ చూస్తే పని వచ్చేస్తుందా?

జ్ఞానం చేతులు మారే నాలుగు దశల్లో మొదటిదానికి ఒక ఉదాహరణ రాయమని పోయినసారి ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చదివాను. ఎక్కువమంది ఒకే చోట తడబడ్డారు కాబట్టి, బ్యాక్‌లాగ్ (ఇంకా చేయాల్సిన పనుల జాబితా) సంగతి వచ్చే పాఠానికి వాయిదా వేసి ముందు దీన్ని తేల్చేద్దాం. సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతలుగా చేసే అజైల్‌లో స్ప్రింట్ అనే ఆ విడత, స్టాండప్ అనే రోజువారీ చిన్న మీటింగ్ మీకు అలవాటైనవే, వాటి గురించి ఇంతకన్నా వివరించను.

జపాన్ మేనేజ్‌మెంట్ పండితులు నొనాకా, తకెయుచి చెప్పిన ఆ నాలుగు దశల్లో మొదటిది, మాటల్లోకి రాని నేర్పు ఒకరి నుంచి ఇంకొకరికి నేరుగా అందడం. దీనికి ఉదాహరణగా మీలో చాలామంది కేటీ సెషన్ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే వెళ్లిపోయేవాళ్లు తమ పనిని కొత్తవాళ్లకు అప్పగించే మీటింగ్) అని రాశారు, అక్కడే పొరపాటు. రిలీవ్ అవుతున్న సీనియర్ స్క్రీన్ షేర్ చేసి ఫోల్డర్లు చూపిస్తుంటే మీరు మ్యూట్‌లో కూర్చుని రికార్డ్ చేసుకుంటారు. ఆయన నోటితో చెప్పగలిగిందే మీకు అందుతుంది, అంటే అది రెండో దశ (తెలిసిన నేర్పును మాటల్లో పెట్టడం), అదీ అరకొరగా. లాగ్‌లో (సాఫ్ట్‌వేర్‌లో జరిగింది నమోదయ్యే ఫైల్‌లో) వందల ఎర్రర్లు కనిపిస్తున్నా ఆయన చూపు సరిగ్గా ఆ ఒక్క టైమవుట్ లైన్ మీదే ఎందుకు ఆగుతుందో ఏ రికార్డింగ్‌లోనూ ఉండదు. ఆయన దాచుకున్నాడని కాదు, అలా చూస్తున్నట్టు ఆయనకే తెలియదు. మనం చెప్పగలిగిన దానికన్నా మనకు తెలిసిందే ఎక్కువని తత్వవేత్త మైకేల్ పొలాన్యీ అన్నది ఇందుకే.

1980ల్లో జపాన్‌లో మత్సుషిత కంపెనీ ఇంట్లో బ్రెడ్ చేసే మెషీన్ తయారుచేస్తుంటే పిండి ఎంతకీ సరిగ్గా కలవలేదు. ఇకుకో తనకా అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఒసాకాలోని ఒక హోటల్ బేకర్ దగ్గర చేరి, ఆయన పక్కనే నిలబడి తనూ పిండి పిసికింది. ఆయన పిండిని సాగదీయడమే కాదు, మెలి కూడా తిప్పుతున్నాడని అప్పుడు పట్టుకుంది. ఆ మెలిని ఇంజినీర్లకు మాటల్లో చెప్పడం రెండో దశ. దాన్నిబట్టి వాళ్లు మెషీన్ లోపలి గోడకు గట్లు పెట్టారు.

అజైల్ పద్ధతుల్లో ఒకటైన ఎక్స్‌పీలో (ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్) పెయిర్ ప్రోగ్రామింగ్, అంటే ఇద్దరు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని కోడ్ రాయడం, చేసేది సరిగ్గా ఇదే పని. నేనైతే కీబోర్డు ఎప్పుడూ కొత్తవాళ్ల చేతికే ఇస్తాను, సీనియర్ టైప్ చేస్తే అది మళ్లీ కేటీయే. స్ప్రింట్ చివర ఏం బాగా జరిగింది, ఏం జరగలేదు అని టీమ్ మాట్లాడుకునే రెట్రోస్పెక్టివ్ రెండో దశ కిందికి వస్తుంది, దాని గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు. అన్నట్టు, రగ్బీ ఆటలోని స్క్రమ్ అనే మాటను (ఇప్పుడది ఒక అజైల్ పద్ధతి పేరు) ప్రాడక్ట్ టీముల దగ్గరికి తెచ్చింది కూడా 1986లో నొనాకా, తకెయుచిలే.

అభ్యాసం: ప్రొడక్షన్‌లో నిజంగా వచ్చిన ఒక బగ్ తీసుకుని, సీనియర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మీ చేతులతో సరిచేయండి, నోట్స్ రాయొద్దు. అయిపోయాక ఆయన చెప్పకుండానే చేసిన ఒక్క పనిని ఒక్క వాక్యంలో రాసి ఆయనకే చూపించండి. "అవునా, నేనలా చేస్తున్నానా?" అంటే నాకు పంపండి. "అది అందరికీ తెలిసిందేగా" అంటే ఇంకో బగ్‌తో మళ్లీ మొదలుపెట్టండి.