నీరు ఇంకని బంకమట్టి: జిప్సం వేసే ముందు చూడాల్సినవి

సమస్య: పైపొర అట్టకట్టి, నీరు ఇంకడం లేదు

ముందు ఒక చిన్న పరీక్ష. ఎండిన మట్టిగడ్డను డిస్టిల్డ్ వాటర్ ఉన్న గ్లాసులో వేసి, కదపకుండా రెండు గంటలు వదిలేయండి. గడ్డ ముక్కలైనా నీళ్లు తేటగానే ఉంటే లోపం ఎక్కువగా సేంద్రియ పదార్థానిది. అక్కడ జిప్సం వేయడం దండగ. గడ్డ చుట్టూ నీళ్లు మసకబారితే మాత్రం బంక రేణువులు విడిపోతున్నట్టే.

కారణం అయాన్లలో, అంటే విద్యుదావేశం ఉన్న కణాల్లో ఉంది. బంకమట్టి పలకల మీద ఉండే రుణావేశం ధనావేశ అయాన్లను పట్టి ఉంచుతుంది. కాల్షియం ఎక్కువగా ఉంటే రేణువులు గుత్తులుగా కలిసి ఉంటాయి. మెగ్నీషియానికీ రెండు ఆవేశాలే, కానీ అది తన చుట్టూ నీటి అణువులను ఇంకా గట్టిగా కట్టుకుంటుంది. అందుకే రేణువులను కలిపి ఉంచడంలో మెగ్నీషియం కాల్షియంలా బలంగా పనిచేయదు. అయినా నిందంతా మెగ్నీషియం మీద వేయకండి, చాలాసార్లు అసలు దొంగ సోడియం. మార్పిడి అయ్యే అయాన్లలో సోడియం 15 శాతం దాటితే అనుమానం దాని మీదే. మెగ్నీషియం తోడైతే అది ఇంకా ముదురుతుంది.

పరిష్కారం జిప్సమే (కాల్షియం సల్ఫేట్), కాల్షియం దాని నుంచే వస్తుంది. అయాన్ల మార్పిడి బరువును బట్టి కాదు, ఆవేశాన్ని బట్టి జరుగుతుంది: 20 గ్రాముల కాల్షియం 12 గ్రాముల మెగ్నీషియాన్ని గానీ 23 గ్రాముల సోడియాన్ని గానీ తప్పించగలదు. ఆ 20 గ్రాముల కోసం స్వచ్ఛమైన జిప్సం 86 గ్రాములు కావాలి. ఇది కాగితం మీది లెక్క, నేలలో ఇంకా ఎక్కువే పడుతుంది. విడిపోయిన సోడియం నీటితో వేర్ల కిందికి దిగిపోవాలి. మురుగు దారి లేకపోతే ఎంత జిప్సం వేసినా ఫలితం ఉండదు. క్షార నేలలో సున్నం సరిగా కరగదు కాబట్టి దాన్ని బదులుగా వాడొద్దు.

సమస్య: మట్టి పరీక్ష రిపోర్టులో కాల్షియం, మెగ్నీషియం కలిపితే మార్పిడి సామర్థ్యాన్ని (మట్టి పట్టి ఉంచగల ధనావేశ అయాన్ల మొత్తాన్ని) మించిపోతున్నాయి

మట్టిలో సున్నపురాయి పొడి ఉందేమో చూడండి. ఒక చుక్క సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే బుసబుస పొంగుతుంది. అయాన్లను కొలవడానికి ల్యాబ్‌లో వాడే మామూలు అమోనియం అసిటేట్ ద్రావణం ఆ సున్నాన్నీ కరిగించి, పలకల మీద లేని కాల్షియాన్ని కూడా లెక్కలో కలిపేస్తుంది. పీహెచ్ 8.5 దగ్గర తీసే పద్ధతిలో ఈ తేడా తగ్గుతుంది.

సమస్య: ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్యభాగం పసుపుగా

ఇది మెగ్నీషియం లోపం. పొటాష్ అతిగా వేసినా, జిప్సం మోతాదు మించి మెగ్నీషియం కిందికి కొట్టుకుపోయినా ఇలాగే కనిపిస్తుంది. తక్షణానికి మెగ్నీషియం సల్ఫేట్ పిచికారీ చేసి పొటాష్ తగ్గించండి. ఆమ్ల నేలైతే డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉన్న సున్నపురాయి) వేయండి. మార్పిడి సామర్థ్యంలో కాల్షియం 65, మెగ్నీషియం 10 శాతమే ఉండాలన్న పాత లెక్కతో టెన్షన్ పడకండి. రెండూ సరిపడా ఉన్నంతవరకు నిష్పత్తి కాస్త అటూఇటూ అయినా పంటకు నష్టం లేదు.