కొత్త కారు స్టీరియోలో కూత వినిపిస్తోందా? ఏమీ కొనకముందే ఇలా పట్టుకోండి

కొత్త కారు తెచ్చిన రెండో ఆదివారం హైదరాబాద్ నుంచి సూర్యాపేట వెళ్తున్నాం. చౌటుప్పల్ దాటేసరికి పిల్లలు వెనక సీట్లో నిద్రపోయారని పాట వాల్యూమ్ తగ్గించాను. అప్పుడు బయటపడింది. చెవి దగ్గర దోమ తిరుగుతున్నట్టు సన్నటి కూత. ఎక్సలేటర్ తొక్కితే పైకి లేస్తోంది, కాలు తీస్తే దిగుతోంది. "ఏమండీ, ఇంజన్ అలా అరుస్తోందేంటి?" అంది మా ఆవిడ. ఇంజన్ కాదు, స్పీకర్ అరుస్తోంది.

షోరూమ్‌లో సర్వీస్ అడ్వైజర్ అర నిమిషం విని "అన్ని బండ్లకీ ఇంతే సార్, కామన్" అన్నాడు. కార్ డెకార్స్ షాపు అతనైతే వినకుండానే "నాయిస్ ఫిల్టర్ వేద్దాం" అన్నాడు. చివరికి మా ఇంటి ముందే, గంట లోపల, పైసా ఖర్చు లేకుండా దొంగ దొరికాడు. ఒకడు కాదు, ఇద్దరు. ఆ గంటలో ఏం చేశానో, ఇంకేం చేయాల్సి రావచ్చో వరసగా చెబుతాను. మొదటి నాలుగు అడుగులకు స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

అడుగు 1: ముందు తీరిగ్గా వినండి

బండిని సెల్లార్ పార్కింగ్‌లోంచి బయటకు తీసి ఆరుబయట పెట్టండి. సెల్లార్‌లో రేడియో సిగ్నల్ సరిగా అందదు, పైగా ఇంజన్ ఆన్ చేసి కూర్చుంటే పొగ పీల్చాలి. అద్దాలు ఎక్కించి ఏసీ, ఫ్యాన్ ఆపేయండి. ఇప్పుడు మూడు పరిస్థితుల్లో వినండి: ఇంజన్ స్టార్ట్ చేయకుండా స్టీరియో మాత్రమే ఆన్‌లో ఉన్నప్పుడు, ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు, న్యూట్రల్‌లో ఎక్సలేటర్ కొద్దిగా తొక్కినప్పుడు.

ఇంజన్ వేగంతో పాటు కూత పెరుగుతూ తరుగుతూ ఉంటే అది మన మెకానిక్‌లు డైనమో అనే ఆల్టర్నేటర్ నుంచి వస్తోంది. అది పుట్టించే ఏసీ కరెంటును డయోడ్లు డీసీగా మారుస్తాయి. ఆ డీసీ చదునుగా ఉండదు, మీద చిన్న చిన్న అలలు మిగులుతాయి. ఐడిల్‌లో ఇంజన్ 800 ఆర్‌పీఎమ్‌తో, అంటే నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకోండి. పుల్లీల లెక్కలో డైనమో దానికి రెండున్నర రెట్లు, అంటే 2000 ఆర్‌పీఎమ్‌తో తిరుగుతుంది. 12 పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న మామూలు డైనమోలో చుట్టుకు 36 అలలు వస్తాయి. అంటే సెకనుకు 1200. ఇంజన్ 2500కి చేరితే అవి 3750 అవుతాయి. మన చెవి బాగా పసిగట్టే శబ్దాలు సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. అందుకే కూత ఎంత సన్నగా ఉన్నా అంత చిరాకు పెడుతుంది.

ఇంజన్ ఆపినా ఒకే తీరుగా 'బుస్స్' అని వస్తుంటే డైనమోకి సంబంధం లేదు. ఫోన్ మోగబోయే ముందు 'టిగ్ టిగ్ టిగ్ టిర్ర్' అంటే అది 2జీ సిగ్నల్, ఫోన్‌ను స్టీరియోకి దూరంగా పెడితే పోతుంది. ఇక ఇండికేటర్ వేసినప్పుడు వచ్చే టిక్ టిక్ అసలు లోపమే కాకపోవచ్చు. ఇప్పటి చాలా కార్లలో ఆ చప్పుడును కంపెనీయే స్పీకర్లోంచి వినిపిస్తోంది. దాని కోసం డాష్‌బోర్డు విప్పించకండి.

అడుగు 2: వాల్యూమ్ సున్నాకి తిప్పండి

శబ్దం ఎక్కడ దూరుతోందో ఈ చిన్న పని చెబుతుంది. వాల్యూమ్ తగ్గిస్తే శబ్దం కూడా తగ్గిపోతే, అది వాల్యూమ్ కంట్రోల్ కంటే ముందే చేరుతోంది. అంటే ఫోన్, కేబుల్, యాంటెన్నా వైపు చూడాలి. సున్నాలో కూడా అంతే వినిపిస్తుంటే, అది ఆ తర్వాత ఎక్కడో కలుస్తోంది. అంటే యాంప్లిఫయర్ (పాటను స్పీకర్లకు సరిపడా పెంచే పరికరం), దాని వైర్లు, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కి తిరిగి వెళ్లే దారి).

అడుగు 3: పాట వచ్చే దారి మార్చండి

ఎఫ్‌ఎమ్, బ్లూటూత్, పెన్‌డ్రైవ్, ఆక్స్ (ఫోన్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి స్టీరియోకి వేసే కేబుల్)... ఒక్కోదాన్ని ఒక్కో నిమిషం వినండి. మా కారులో బ్లూటూత్‌లో చీమ చిటుక్కుమనలేదు. పెన్‌డ్రైవ్ కూడా శుభ్రం. ఆక్స్ కేబుల్ పెడితే కూత. ఎఫ్‌ఎమ్‌లో కూత లేదు కానీ గరగర. ఇక్కడే నాకు ఒక విషయం అర్థమై ఉండాల్సింది, కాలేదు: రెండు శబ్దాలు రెండు రకాలుగా ఉన్నాయంటే కారణాలు కూడా రెండు ఉండొచ్చని.

ఎఫ్‌ఎమ్ గరగరను ఊళ్లోనే, సిగ్నల్ బలంగా ఉన్న స్టేషన్ మీద పరీక్షించండి. హైదరాబాద్‌లో అయితే రెయిన్‌బో 101.9, వివిధ భారతి 102.8 సరిపోతాయి. ఊరు దాటి డెబ్బై కిలోమీటర్లు వెళ్లాక వచ్చే గరగరకి కారు ఏం చేస్తుంది?

అడుగు 4: తగిలించినవన్నీ పీకేయండి

డాష్‌క్యామ్, లైటర్ సాకెట్‌లోని చార్జర్, వైర్‌లెస్ చార్జర్, ఎయిర్ ప్యూరిఫయర్, వెలుగుతూ తిరిగే దేవుడి బొమ్మ, ఏదైనా సరే. స్విచ్ ఆపితే చాలదు, సాకెట్ నుంచి పూర్తిగా బయటకు తీయాలి. హెడ్‌లైట్లకు బయట ఎల్ఈడీ బల్బులు వేయించి ఉంటే లైట్లు వేసి ఒకసారి, ఆర్పి ఒకసారి వినండి.

అన్నీ తీశాక నిశ్శబ్దంగా ఉంటే, ఒక్కొక్కటే మళ్లీ పెడుతూ రండి. ఒకసారికి ఒక్కటే. ఆ గంట పరీక్షకు ముందు ఇదే పని తిరగేసి చేసి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. అన్నీ ఉంచి ఒక్కోటి తీసి చూశాను. చార్జర్ తీస్తే గరగర ఉంది, 'ఇది కాదు' అని తిరిగి పెట్టాను. డాష్‌క్యామ్ తీస్తే కూత ఉంది, 'ఇదీ కాదు' అని తిరిగి పెట్టాను. దొంగలు ఇద్దరున్నప్పుడు ఒకణ్ని పట్టుకున్నా చోరీ ఆగదు, వాణ్ని అమాయకుడని వదిలేస్తాం. అందుకే ముందు ఇల్లు ఖాళీ చేసి, తర్వాత ఒక్కొక్కరినే లోపలికి రానివ్వాలి.

మా బండిలో మొదటి దొంగ చార్జర్, ఆక్స్‌ల జోడీ. ఫోన్ లైటర్ సాకెట్‌లో చార్జ్ అవుతూ, అదే ఫోన్ ఆక్స్ కేబుల్‌తో స్టీరియోకి పాట ఇస్తోంది. చార్జర్ పీకితే కూత ఠక్కున ఆగిపోయింది. ఆక్స్ పీకినా ఆగిపోయింది. విడివిడిగా ఇద్దరూ మంచివాళ్లే.

కారులో దాదాపు ప్రతి వస్తువూ బాడీ రేకు ద్వారానే బ్యాటరీ నెగెటివ్‌కి చేరుతుంది. దాన్నే బాడీ ఎర్త్ అంటాం. లైటర్ సాకెట్ ఎర్త్ ఒకచోట, స్టీరియో ఎర్త్ ఇంకోచోట. వాటి మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా ఉంటుంది. రెండు తొట్లలో నీటిమట్టం సమానంగా ఉంటే మధ్యలో పైపు వేసినా నీళ్లు కదలవు, వేలెడు తేడా ఉన్నా పారతాయి. ఇక్కడ ఆ పైపు మన ఆక్స్ కేబుల్. డైనమో అలలు దానిలోంచి పారి పాటతో కలిసిపోతాయి. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

విరుగుడు సులభం. చార్జ్ చేసేటప్పుడు బ్లూటూత్‌లో వినండి. లేదంటే స్టీరియోకి ఉన్న యూఎస్‌బీ పోర్టుకే ఫోన్ పెట్టండి, పాట కూడా అదే తీగలో డిజిటల్‌గా వెళ్తుంది. ఆక్సే కావాలంటే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. ఆక్స్ దారిలో పెడితే కూత పోతుంది. మరీ చవక రకంలో పాట బేస్ కాస్త పలచబడుతుంది.

అడుగు 5: ఎఫ్‌ఎమ్‌లో మాత్రమే గరగర అయితే

రెండో దొంగ డాష్‌క్యామ్. కెమెరా కంటే దాని అడాప్టర్ అనడం న్యాయం. 12 వోల్టులను 5కి దించడానికి ఆ అడాప్టర్ సెకనుకు లక్షల సార్లు కరెంటును ఆపి వదులుతుంది. లోపల ఫిల్టర్ మీద పొదుపు చేసిన అడాప్టర్ అయితే ఆ రొద ఎఫ్‌ఎమ్ నడిచే 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా పాకుతుంది. బిగించినవాడు కెమెరా వైరును యాంటెన్నా కేబుల్ పక్కనుంచే లాగితే ఇక చెప్పేదేముంది.

ముందు వేరే మంచి అడాప్టర్‌తో చూడండి. తర్వాత కెమెరా వైరుకి ఫెరైట్ క్లిప్ వేయండి, ల్యాప్‌టాప్ చార్జర్ వైరు మీద ఉబ్బెత్తుగా కనిపించే నల్ల గుండు లాంటిదే. వైరును దానిలోంచి ఊరికే దూర్చితే పెద్దగా తేడా ఉండదు, మూడు నాలుగు చుట్లు చుట్టాలి. చుట్లు రెట్టింపైతే అడ్డుకునే శక్తి దాదాపు నాలుగింతలవుతుంది. అడాప్టర్ దగ్గర ఒకటి, కెమెరా దగ్గర ఒకటి వేస్తే మేలు. నాకు అడాప్టర్ దగ్గర ఒక్కటే సరిపోయింది. పాత కంప్యూటర్ కేబుల్ నుంచి ఊడదీసింది కాబట్టి ఖర్చు కూడా లేదు.

వైరు దారి మార్చాలనుకుంటే ఒక హెచ్చరిక. ముందు అద్దం పక్క స్తంభం మీది ప్లాస్టిక్ కవర్ వెనక కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు. ఆ కవర్ మీరు పీకకండి, ఎయిర్‌బ్యాగ్ ముందు నుంచి వైరు లాగనివ్వకండి. దానికి తెలిసిన మనిషి కావాలి.

ఏ పరికరం లేకుండానే ఎఫ్‌ఎమ్ గరగరమంటే పైకెక్కి యాంటెన్నా చూడండి. పుల్లలాంటి యాంటెన్నా అయితే వాటర్ వాష్‌లో తీసి సగమే బిగించి ఉంటారు, చేత్తో తిప్పితే చాలు. సొరచేప రెక్కలా ఉండే షార్క్ ఫిన్ అయితే లోపల చిన్న బూస్టర్ ఉంటుంది, దానికి కరెంటు అందాలి. కొత్త స్టీరియో మార్పించిన తర్వాత ఎఫ్‌ఎమ్ చచ్చుబడితే ఎక్కువసార్లు ఆ వైరు కలపకపోవడమే కారణం.

అడుగు 6: యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ పెట్టించి ఉంటే

ఇక్కడ మొదటి అనుమానం ఎర్త్ మీదే. డిక్కీలో యాంప్ ఎర్త్ వైరు ఎక్కడ బిగించారో వెతకండి. పెయింట్ మీదే స్క్రూ తిప్పేసి వెళ్లిపోవడం మామూలే. ఎమిరీ పేపర్‌తో రేకు మెరిసేదాకా గీకి, బోల్టు, వాషర్‌తో గట్టిగా బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూయాలి. ఎర్త్ వైరు పవర్ వైరంత లావుగా, మూర పొడవు మించకుండా ఉండాలి. సీట్ బెల్ట్ బోల్టు కింద మాత్రం పెట్టనివ్వకండి.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే అనుమానం లేకుండా తేల్చుకోవచ్చు. పాట గట్టిగా పెట్టి, ఒక ప్రోబ్ యాంప్ ఎర్త్ టెర్మినల్ మీద, ఇంకోటి బ్యాటరీ నెగెటివ్ మీద ఉంచి డీసీ చూడండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ బాగాలేదు.

తర్వాత వైర్ల దారి. పవర్ వైరు ఒక పక్క నుంచి వస్తే, స్టీరియో నుంచి యాంప్‌కి పాట తెచ్చే ఆర్‌సీఏ కేబుల్ రెండో పక్క నుంచి రావాలి. కట్ట కట్టి తెస్తే కూత ఖాయం. ఎక్కడైనా దాటాల్సి వస్తే అడ్డంగా, ప్లస్ గుర్తులా దాటించాలి. ఆర్‌సీఏ పిన్నులు పీకి చూడాలనిపిస్తే స్టీరియో, యాంప్ పూర్తిగా ఆపాకే పీకండి. ఆన్‌లో ఉండగా పీకితే కొన్ని స్టీరియోల్లో ఆ ఎర్త్‌కి ఉన్న సన్నటి ఫ్యూజు పోయి, లేని కూత కొత్తగా పుడుతుంది.

ఇంజన్‌తో సంబంధం లేకుండా 'హిస్స్' అని వస్తుంటే యాంప్ మీద గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) మరీ ఎక్కువ తిప్పారని. అది వాల్యూమ్ కాదు, తగ్గించండి.

అడుగు 7: ఇంకా కూత ఉంటే డైనమో

కొత్త బండిలో ఇది అరుదు, కానీ చూడటం తేలిక. ఇంజన్ ఆపి కాసేపయ్యాక మల్టీమీటర్‌లో బ్యాటరీ 12.4 నుంచి 12.7 వోల్టుల మధ్య, ఇంజన్ నడుస్తుంటే సాధారణంగా 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి. ఇప్పటి కొన్ని కార్లలో కంప్యూటరే అవసరాన్ని బట్టి చార్జింగ్ తగ్గిస్తుంది కాబట్టి కాసేపు తక్కువ చూపితే కంగారు పడకండి. ఇప్పుడు మీటర్‌ను ఏసీ వోల్టులకి మార్చి అదే బ్యాటరీ మీద పెట్టండి. 0.1 వోల్టు లోపు ఉంటే భయం లేదు, అర వోల్టు దాటితే డయోడ్ పోయి ఉండొచ్చు.

చవక మీటర్లతో జాగ్రత్త. కొన్ని డీసీని చూసి కూడా ఏసీలో ఇరవై, ముప్పై వోల్టులు చూపిస్తాయి. ప్రోబ్‌లు అటూ ఇటూ మార్చండి. ఒకవైపు పెద్ద అంకె, రెండో వైపు సున్నా వస్తే తప్పు మీటర్‌ది, డైనమోది కాదు.

పవర్ వైరు మీద వేసే నాయిస్ ఫిల్టర్ వంతు ఇవన్నీ అయ్యాకే. ఎర్త్ బాగాలేకపోతే ఫిల్టర్ ఏమీ చేయదు.

అడుగు 8: షోరూమ్‌కి వెళ్లే తీరు

కంపెనీ ఇచ్చిన స్టీరియోలో, బయటి వస్తువు ఏదీ లేకుండా శబ్దం వస్తుంటే మీరు చేతులు పెట్టకండి. వైరు కోసినా, టేప్ చుట్టినా వారంటీ దగ్గర పేచీ మొదలవుతుంది. ముందు సొంత వస్తువులన్నీ ఇంట్లో పెట్టి వెళ్లండి, లేకపోతే మొదటి మాటే "మీ చార్జర్ వల్ల సార్" అవుతుంది. ఇంజన్ వేగం ముల్లు, శబ్దం రెండూ తెలిసేలా ఫోన్‌లో వీడియో తీసుకోండి. "కామన్" అంటే, అదే వేరియంట్ టెస్ట్ డ్రైవ్ కారులో కూర్చుని ఇదే పరీక్ష చేద్దామనండి. అక్కడ వినిపించకపోతే ఆ మాట మళ్లీ రాదు.

జాబ్ కార్డ్ మీద 'ఆడియో ప్రాబ్లమ్' అని ఒక్క ముక్క రాస్తే సంతకం పెట్టకండి. 'బ్లూటూత్‌లో పాట ఆపి ఉన్నా, వాల్యూమ్ సున్నాలో ఉన్నా, 1500 ఆర్‌పీఎమ్ దాటాక ముందు ఎడమ స్పీకర్లో కూత, బయటి యాక్సెసరీలు లేవు' అన్నట్టు, మీకు ఎలా వినిపిస్తే అలా రాయించి కాపీ తీసుకోండి. రెండు మూడు సార్లు తిప్పించుకుని ఏమీ చేయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినప్పుడు ముందు అడిగేది ఆ కాగితాల గురించే.