కుక్కపిల్ల ఏడుస్తోందా, కరుస్తోందా, బెదురుతోందా? ముందు దాని వయసు లెక్కేయండి

ఎనిమిదో వారంలో మామూలుగా ఉండే పనే ఎనిమిదో నెలలో సమస్య అవుతుంది. అందుకే కుక్కపిల్ల మీద ఏ ఫిర్యాదు ఉన్నా ముందు దాని వయసు వారాల్లో లెక్కేయాలి. మన దగ్గర చాలామంది పిల్లను 35, 40 రోజులకే తల్లి నుంచి వేరుచేసి తెచ్చేసుకుంటారు. ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. అలా ఎందుకన్నారో కింది వాటిలో రెండు మూడు చదివితే తెలిసిపోతుంది.

రాత్రంతా కుయ్యోమంటుంది

మొన్నటిదాకా తోబుట్టువుల మధ్య వెచ్చగా ముడుచుకుని పడుకున్న పిల్ల అది. తెచ్చిన రోజే బాల్కనీలో ఒంటరిగా పడుకోబెడితే ఏడవక ఏం చేస్తుంది? "ఏడ్చి ఏడ్చి అదే ఊరుకుంటుందిలే" అంటారు. ఊరుకుంటుంది, నిజమే. కానీ ఒంటరిగా ఉండాలంటే భయం పట్టుకుని, ఏడాది తర్వాత మీరు తాళం వేసి వెళ్లగానే తలుపు గీరొచ్చు.

అట్టపెట్టెలో పాత దుప్పటి పరిచి మంచం పక్కనే, చెయ్యి అందేలా పెట్టండి. రాత్రి తిండి ఏడున్నరకల్లా అయిపోవాలి. పదిన్నరకు ఒకసారి, మళ్లీ రెండు మూడు గంటల మధ్య ఒకసారి మూత్రానికి తీసుకెళ్లండి. ఆ సమయంలో పెద్ద లైటు వేయొద్దు, ముద్దు చేయొద్దు. చాలా పిల్లలు వారం పది రోజుల్లో కుదుటపడతాయి. ఆ తర్వాత పెట్టెను రోజుకో అడుగు చొప్పున దూరం జరపండి.

పేపరు పరిచినా చాప మీదే పోస్తుంది

దాని కాలికి మెత్తగా తగిలేదే దానికి తగిన చోటు. కాబట్టి చాపలు, డోర్‌మ్యాట్లు ఒక నెల అటక ఎక్కించండి. నిద్ర లేవగానే, తిన్న 10-20 నిమిషాలకు, ఆట మధ్యలో ఆగి నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగగానే ఎత్తుకెళ్లండి. మెలకువగా ఉంటే రెండు నెలల పిల్లను ముప్పావుగంటకోసారి తిప్పాల్సిందే. పని కానిచ్చిన క్షణంలోనే చిన్న తిండిముక్క పెట్టాలి. ఇంట్లోకి వచ్చాక పెడితే అది లోపలికి వచ్చినందుకు బహుమానం అనుకుంటుంది.

ఫినాయిల్‌తో తుడిస్తే వాసన పోయేది మన ముక్కుకే. పైగా పాదాలకు అంటిన ఫినాయిల్‌ను నాకితే పిల్లకు ప్రమాదం. పెంపుడు జంతువుల దుకాణంలో దొరికే ఎంజైమ్ క్లీనర్ మేలు. అది లేకపోతే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడవండి. పాలరాయి నేలైతే మాత్రం వెనిగర్ వద్దు, మచ్చ పడుతుంది. ముక్కు పట్టి అందులో రుద్దితే సోఫా వెనక దాక్కుని పోయడం నేర్చుకుంటుంది, అంతే. చుక్కలు చుక్కలుగా పదే పదే పోస్తుంటే అది శిక్షణతో తేలే సంగతి కాకపోవచ్చు, మూత్రపరీక్ష చేయించండి.

చేతులు, పాదాలు కొరికేస్తుంది

పాలపళ్లు 28. నాలుగో నెల దగ్గర్నుంచి ఊడి, ఏడో నెలకల్లా 42 గట్టిపళ్లు వస్తాయి. అంతదాకా చిగుళ్ల దురద తప్పదు. గట్టిగా కొరికితే ఆట ఆగిపోతుందన్న పాఠం తోబుట్టువులు నేర్పేవి. 35 రోజులకే వచ్చిన పిల్లకు ఆ బడి సగంలోనే ఆగిపోయింది.

పళ్లు ఆనగానే చెయ్యి లాగొద్దు, లాగితే వేట అనుకుంటుంది. కదలకుండా ఉండి, లేచి, 20 సెకన్లు గది బయటికి వెళ్లి రండి. తిరిగి వచ్చాక నోటికి బొమ్మ అందించండి. తడిపి ముడేసి ఫ్రీజర్‌లో పెట్టిన పాత తువ్వాలు ముక్క చిగుళ్లకు హాయిగా ఉంటుంది, మీ కళ్లెదుటే నమలనివ్వండి. ఉడికించిన ఎముకలు వద్దు, చీలి గుచ్చుకుంటాయి. మూతి మీద కొడితే చెయ్యంటేనే భయపడుతుంది. సాయంత్రం ఏడు, తొమ్మిది మధ్య పూనకం వచ్చినట్టు కొరుకుతుంటే చాలాసార్లు అది నిద్ర చాలకే. ఈ వయసులో రోజుకు 18 గంటలైనా పడుకోవాలి.

పన్ను దిగి రక్తం వచ్చినా, చర్మం గీరుకున్నా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. "మన పిల్లే కదా" అనుకోవడం తప్పు.

మనుషుల్ని, చప్పుళ్లను చూసి బెదురుతుంది

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కుక్కపిల్ల మెదడు కొత్తవాటిని సులువుగా ఒప్పుకునేది మూడో వారం నుంచి 12-14 వారాల దాకానే. టీకాల వరుస ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాల ఎడంతో 16 వారాల వరకూ సాగుతుంది. "టీకాలన్నీ అయ్యాకే బయటికి" అని కూర్చుంటే మనం గుమ్మం దాటేసరికి ఆ తలుపు మూసుకుపోతుంది.

మధ్యేమార్గం ఉంది. మొదటి డోసు వేసి వారం దాటాక చంకనెత్తుకునో, సంచిలో పెట్టుకునో తిప్పండి. వీధికుక్కలు తిరిగే చోట మాత్రం నేల మీద దించొద్దు, రక్తవిరేచనాలతో పిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. టీకాలు పూర్తయిన కుక్క ఉన్న స్నేహితుల ఇంట్లో ఆడనివ్వచ్చు. హెల్మెట్ తీయని డెలివరీ కుర్రాడు, గొడుగు, ఊతకర్ర తాతగారు, బురఖా, లిఫ్టు తలుపు, దొర్లించే గ్యాస్ సిలిండర్, కుక్కర్ కూత వంటివన్నీ ఒక్కొక్కటిగా చూపించాలి. రోజుకు రెండుసార్లు, ఐదు పది నిమిషాలు చాలు. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పంచిపెట్టొద్దు, పిల్లే దగ్గరికి వెళ్లాలి.

కోడిముక్క ఇష్టంగా తినే పిల్ల హఠాత్తుగా ముఖం తిప్పేసినా, పెదాలు నాకినా, ఆవలించినా మరీ దగ్గరికి వెళ్లారని అర్థం. మళ్లీ తినేంతవరకు వెనక్కి జరగండి. ముందు మనిషి కనిపించాలి, ఆ తర్వాతే ముక్క రావాలి. మీ జేబులోని కవరు ముందే గరగరలాడితే వరుస తిరగబడి, కవరు చప్పుడే అపశకునం అవుతుంది.

ఐదారు నెలలు దాటినదానికీ పద్ధతి ఇదే, కాకపోతే 20 మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టి, వారాల తరబడి ఓపిక పట్టాలి. దీపావళి టపాసుల శబ్దం నెల ముందు నుంచే ఫోన్‌లో వినీ వినపడనట్టు పెట్టి, అది తింటుండగా రెండు మూడు రోజులకోసారి కాస్త పెంచండి.

గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమంటుంది

తినేటప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టి అలవాటు చేస్తామనే పెద్దల వల్ల ఇది ఇంకా పెరగొచ్చు. పక్కనుంచి వెళ్తూ, లాక్కోకుండా, గిన్నెలోకి ఇంకో మంచి ముక్క వేసి సాగిపొండి. గుర్రుమన్నందుకు కొట్టొద్దు, ఈసారి గుర్రుమనకుండానే కరుస్తుంది.

ఏడో నెలలో పిలిస్తే రాదు

యౌవనం. నేర్చింది మర్చిపోలేదు, వీధి వాసనలు మీకంటే రుచిగా ఉన్నాయి. ఐదు మీటర్ల తాడు హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీకి) కట్టండి, మెడపట్టీకి కాదు. వచ్చిన ప్రతిసారీ ముక్క ఇచ్చి, పదిలో తొమ్మిదిసార్లు మళ్లీ ఆడుకోనివ్వండి. స్నానానికీ, ఇంటికి తీసుకెళ్లడానికీ మాత్రమే పిలిస్తే ఏ కుక్కా రాదు.