తొలకరిలో పశువులు చనిపోకుండా ఏం చేయాలి?

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఎకరం, రెండెకరాలున్న ఇంట్లో పాడి బర్రె చనిపోయిందంటే పాల బిల్లు ఆగిపోయినట్టే. ఎండాకాలమంతా మేత చాలక బక్కచిక్కిన పశువుకు తొలి వానల రోజులు పెద్ద గండం. జాగ్రత్తలు మాత్రం వాన కంటే ముందే మొదలుపెట్టాలి.

1. మే నెలలోనే టీకాలు వేయించండి

గొంతువాపు, జబ్బవాపు టీకాలు పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఊళ్లో ఒక పశువు గురక పెట్టాక ఆసుపత్రికి పరిగెత్తితే ఆలస్యమే. గొంతువాపు సోకిన బర్రె ఒక్కరోజులోనే పోవచ్చు. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేయించాలి. నాలుగు నెలలు దాటిన దూడలనూ వదలొద్దు.

2. జొన్న నాము దగ్గరికి పోనీయకండి

నాకు అన్నిటికంటే బాధ కలిగించే చావు ఇదే. పొద్దున పాలిచ్చిన బర్రె మధ్యాహ్నానికి ఉండదు. కోసిన జొన్న మోళ్లకు వాన పడగానే పిలకలు లేస్తాయి. అదే నాము. దాన్ని గానీ, బెట్టకు వాడిన లేత జొన్నను గానీ పశువు నమిలితే సైనైడ్ విషం పుడుతుంది. నెలల తర్వాత పచ్చగా కనపడితే ఆకలిగొన్న బర్రె ఆగుతుందా? అందుకే ఇంటి దగ్గరే కొంచెం ఎండుగడ్డి వేసి, తర్వాత విప్పండి. మోళ్లున్న చేలోకి తోలొద్దు. వీలైతే ఆ మోళ్లను దున్నేయండి. పచ్చిజొన్న పూతకొచ్చాకే మేపాలి.

3. తిన్నదని అనుమానం వస్తే

ఆయాసం, నోట్లో నురగ, తూలి పడిపోవడం నిమిషాల్లోనే మొదలవుతాయి. వెంటనే 1962కు (సంచార పశువైద్య వాహనం నంబరు) గానీ, దగ్గరి పశువైద్యుడికి గానీ ఫోన్ చేసి 'జొన్న తిన్నది' అని ముందే చెప్పండి. దీనికి విరుగుడుంది. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ మందులను డాక్టర్ రక్తనాళంలోకి ఎక్కిస్తారు. పడిపోయిన పశువు నోట్లో కంగారుపడి ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

4. ఈనిన మూడు రోజులు కనిపెట్టుకుని ఉండండి

ఒళ్లు చల్లబడి, మెడ పక్కకు తిప్పి కూలబడితే అది పాలజ్వరం. పేరులోనే జ్వరం, ఒంట్లో వేడి ఉండదు. కాల్షియం సమయానికి ఎక్కిస్తే చాలావరకు లేచి నిలబడుతుంది.

5. చనిపోతే

చెవి పోగు (ట్యాగ్) తీయకండి, బీమాకు అదే ఆధారం. ముక్కు, నోటి నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారితే దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. కోయకుండా, తోలు తీయకుండా డాక్టర్‌కు చెప్పి, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి.