గ్రూపులో ఓట్లేసుకుంటూ పదిమందీ ఒకే స్ట్రాటజీ గేమ్ ఆడటం ఎలా?

బెంజి సర్కిల్ దగ్గర ఇద్దరు, గుంటూరు బ్రాడీపేటలో నలుగురు, ఉద్యోగాలకని హైదరాబాద్ వెళ్లినవాళ్లు ఇంకొందరు. వీళ్లంతా కలిసి ఒకే రాజ్యాన్ని ఏలొచ్చు. అందుకు వంతులవారీగా నడిచే ఆట కావాలి. అన్‌సివ్ బాగా సరిపోతుంది: ఉచితం, ఆండ్రాయిడ్ ఫోనులో ఆడొచ్చు, నియమాలు దాదాపు ‘సివిలైజేషన్ 5’ అనే కంప్యూటర్ గేమ్‌వే. అందరి ఫోన్లలోనూ ఒకే వెర్షన్ ఉండాలి, లేకపోతే సేవ్ ఫైలు (ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచే ఫైలు) తెరుచుకోకపోవచ్చు.

ఏడుగురి నుంచి పన్నెండుమంది వరకు ఉంటే హాయి. మామూలు వేగంలో ఆట 500 వంతుల దాకా సాగుతుంది. రోజుకో వంతు ఓటుతో నడిపితే ఏడాది దాటిపోతుంది. అందుకే ఒక్కొక్కరు పదేసి వంతులు ఆడి, ఫైలును తర్వాతివాళ్లకు అప్పగించాలి. రెండు రోజులకో పది వంతులైతే వంద రోజుల్లో అయిపోతుంది. ఫైలు పేరులో వంతు నంబరు, ఆడినవారి పేరు ఉండాలి: ‘040 సుధ’. ‘కొత్తది’ అని పెడితే ఎవరో ఒకరు పాత ఫైలు మీద ఆడేస్తారు. అప్పుడు ఒకరి శ్రమ పారేయాల్సిందే.

ఊరు ఎక్కడ కట్టాలి, ఏ విద్య నేర్వాలి, యుద్ధమా సంధా: ఓటు వీటికే. సైనికుణ్ణి ఏ గడిలోకి జరపాలన్నది ఆడేవారి ఇష్టం.

పోల్ పెట్టేముందు లెక్క చూసుకోండి. ఊరి జనాభా 2 అయితేగాని సెట్లర్ (వెళ్లి కొత్త ఊరు కట్టే బృందం) తయారుకాదు, అది తయారయ్యేంతసేపూ ఊరు పెరగదు. ‘రెండో ఊరు ఎక్కడ?’ అని ఊరికే అడిగితే తలో మాట వస్తుంది. మ్యాపు స్క్రీన్‌షాట్ మీద మూడు గడులు గుర్తుపెట్టి, ఒక్కోదానికి ఒక్క వాక్యం రాయండి: ‘అ: నది పక్కన గుట్ట. ఆ: ఇనుము ఉంది, పొరుగు రాజ్యం నాలుగు గడుల దూరం.’ 1999లో గారీ కాస్పరోవ్ మీద ప్రపంచమంతా ఇంటర్నెట్‌లో చదరంగం ఆడినప్పుడు, ఓటుకు ముందు నలుగురు యువ ఆటగాళ్లు ఎత్తులు సూచించారు. ఎత్తుకు 24 గంటల గడువు. కాస్పరోవే గెలిచినా, ఆట 62 ఎత్తుల దాకా సాగింది.

మీరూ అంతే గడువు పెట్టుకోండి, రాత్రి తొమ్మిది నుంచి తొమ్మిది. వాట్సాప్ పోల్‌లో ఒకటికి మించి జవాబులిచ్చే వీలును ఆపేయాలి. తొమ్మిదింటికి స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి, ఆ తర్వాత మార్చిన ఓటు చెల్లదు. సమానమైతే ఆడబోయేవారి మాటే చెల్లుతుంది.

ఎక్కువగా దెబ్బతినేది ఓట్లు చీలినప్పుడు. ‘యుద్ధం’కి 4, ‘సంధి’కి 3, ‘వ్యాపారం’కి 3 వస్తే, ఆరుగురు వద్దన్న యుద్ధం మొదలైపోతుంది. ముందు యుద్ధం కావాలా వద్దా అని అడిగి, మిగతాది తర్వాత తేల్చుకోండి. ఒకసారి యుద్ధమంటే 20 వంతులు దానికే కట్టుబడాలి. మధ్యలో మనసు మార్చుకుంటే సగం సైన్యం, సగం గ్రంథాలయం మిగులుతాయి.

ఊళ్లకు మంగళగిరి, తెనాలి, పొన్నూరు అని పేర్లు పెట్టుకోండి. ‘మూడో ఊరు’ అంటే పట్టించుకోనివాళ్లు కూడా ‘తెనాలి మీదికి వస్తున్నారు’ అంటే వెంటనే ఓటేస్తారు. అలాంటి దాడి జరిగితే ఆడేవారు పది వంతులు పూర్తికాకపోయినా ఆపి, గ్రూపును అడగాలి.

ఫైలు తెరిచి మ్యాపు ఎవరైనా చూడొచ్చు. ‘తర్వాతి వంతు’ మీద మాత్రం ఆడేవారు తప్ప ఎవరూ వేలు పెట్టకూడదు. ముందు జరగబోయేది చూసొచ్చి సలహా ఇచ్చేవాళ్లుంటే మిగతావాళ్ల ఓటుకు విలువే ఉండదు.