కమీషన్ మీద పాత్రల బొమ్మలు: అడిగిన మాట నుంచి అప్పగించే ఫైలు దాకా

"మా పచ్చళ్ల బ్రాండుకు ఒక బామ్మ బొమ్మ కావాలి, ఎంత తీసుకుంటారు?" ఫ్రీలాన్స్ చిత్రకారులకు వచ్చే మొదటి సందేశం చాలావరకు ఈ తీరులోనే ఉంటుంది. దానికి వెంటనే ఒక అంకె చెప్పడం కంటే ఎదురు ప్రశ్న వేయడం మేలు: ఆ బొమ్మను ఎక్కడ వాడతారు? సీసా మీది లేబులు మీదనా, వాట్సాప్ స్టిక్కరుగానా, దుకాణం ముందు కట్టే ఫ్లెక్సీ మీదనా, లేక మూడు చోట్లా వాడతారా? ముఖంలో ఎన్ని గీతలు ఉండవచ్చు, ఫైలును ఎంత పెద్దదిగా మొదలుపెట్టాలి, ధర ఎంత, హక్కులు ఎవరివి అనే సంగతులన్నీ ఈ ఒక్క జవాబు మీదే ఆధారపడి ఉంటాయి. ఈ వ్యాసంలో ఆ బామ్మనే ఉదాహరణగా తీసుకుంటున్నాను. పిల్లల కథల ఛానెల్‌కు కుందేలు కావాలన్నా, నవల ముఖచిత్రానికి కథానాయిక కావాలన్నా పని సాగే క్రమం దాదాపు ఇదే.

ముందుగా రాసుకోవలసినవి

క్లయింటుతో మాట్లాడిన సంగతులన్నీ ఒక పేజీలో రాసి, వారికి పంపి, "అవును, ఇదే" అని రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. ఫోనులో గంటసేపు మాట్లాడుకున్నవి వారం తర్వాత ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంటాయి. బామ్మ వయసు, ఊరు, స్వభావం, ఆమె ఏం చేస్తూ కనిపించాలి, పచ్చళ్లు కొనేవారు ఎవరు, బ్రాండుకు ఇప్పటికే ఖాయమైన రంగులు ఏవి, బొమ్మ ఎప్పటికి కావాలి అనేవి ఆ పేజీలో ఉండాలి. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఆఖరి మాట ఎవరిదన్నది. కుటుంబాలు నడిపే వ్యాపారాల్లో అన్న ఒప్పుకున్న తొలి చిత్తు బొమ్మను, అంటే రఫ్‌ను వదిన కాదనడం, రంగులు పూర్తయ్యాక ఊరి నుంచి వచ్చిన బాబాయి ముక్కు మార్చమనడం మామూలే. కాబట్టి అభిప్రాయాలన్నీ ఒకే మనిషి ద్వారా రావాలని మొదటే చెప్పి, ఆ మాటను కూడా అదే పేజీలో చేర్చాలి.

"క్యూట్‌గా ఉండాలి", "ట్రెడిషనల్‌గా ఉండాలి" వంటి మాటలను నమ్ముకుని గీత మొదలుపెట్టకూడదు, ఎందుకంటే ఒకరి మనసులో అవి గుండ్రటి బుగ్గలు, మరొకరి మనసులో కాసులపేరు. నచ్చిన బొమ్మలు మూడు, నచ్చనిది ఒకటి పంపమని అడిగితే విషయం తేలుతుంది. నా లెక్కలో ఆ నచ్చని బొమ్మే ఎక్కువ పనికివస్తుంది. నచ్చినదానికి కారణం చెప్పలేనివారు కూడా నచ్చనిదాని గురించి "కళ్లు మరీ పెద్దవి", "కోపంగా ఉన్నట్టుంది" అని ఠక్కున చెబుతారు. ఈ మధ్య చాలామంది ఏఐతో చేయించిన చిత్రాన్ని పంపి "అచ్చం ఇలాగే వేయండి" అంటున్నారు. అందుకు నొచ్చుకోవలసిన పని లేదు గానీ, దాన్ని యథాతథంగా గీసి ఇవ్వడం సరికాదు. అందులో వారిని ఆకట్టుకున్నది రంగా, నిలబడిన తీరా, ముఖమా అని అడిగి తెలుసుకుని, ఆ ఒక్క అంశాన్ని మాత్రమే సూచనగా తీసుకోవాలి. ఫలానా సినీనటి పోలిక రావాలని అడిగితే మాత్రం మర్యాదగా కాదనాలి. నటుడు అనిల్ కపూర్ పేరును, రూపాన్ని, గొంతును అనుమతి లేకుండా వాణిజ్యానికి వాడరాదని ఢిల్లీ హైకోర్టు 2023లో ఉత్తర్వు ఇచ్చింది; పచ్చళ్ల లేబులు కూడా వాణిజ్యమే.

పాత్రను రూపొందించడం

కొప్పు, గుండ్రటి కళ్లద్దాలు, బోసినవ్వు: ఈ మూడూ కలిపితే ఎవరికైనా బామ్మ వస్తుంది, అయితే ఆ బామ్మ ఇప్పటికే వందల సీసాల మీద ఉంది. పాత్రకు ప్రాణం వచ్చేది ఆమె చేసే పని వల్ల. కొండపల్లి బొమ్మల్లో మనుషులను పోల్చుకునేది ముఖకవళికలను బట్టి కాదు, వారి చేతిలో ఉన్న పనిని బట్టి. మస్కట్ (బ్రాండుకు గుర్తుగా నిలిచే పాత్ర) వేసేవారికి అంతకన్నా మంచి పాఠం దొరకదు. మన బామ్మ కారం చిటికెడు తీసి వేళ్ల మధ్య నలుపుతూ, ఒక కనుబొమ్మ పైకెత్తి, "ఇది నిన్నటి కారమేనా?" అన్నట్టు చూస్తోందని అనుకుందాం. ఆ అనుమానపు చూపే బ్రాండు నాణ్యత గురించి చెప్పవలసినదంతా చెబుతుంది, పైగా నవ్వే బామ్మల వరుసలో ఆమెను విడిగా నిలబెడుతుంది.

ఊరు తెలిశాకే చీర గీయాలి. మంగళగిరి నేతచీర అంటే నిజాం బోర్డరు అనే చిన్న గోపురాల వరుస అంచులో కనిపించాలి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, కాబట్టి మెరుపు ఒంటి మీద కాక అంచు మీద పడాలి. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు అద్ది తర్వాత నేస్తారు గనుక డిజైను అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. వాటిని స్కేలుతో గీసినంత పదునుగా వేస్తే చేనేత తెలిసినవారు ఒక్క చూపులోనే తప్పు పడతారు. పల్లెల్లో గోచి పోసి కట్టే పెద్దవాళ్లు నడిచే తీరు, కూర్చునే తీరు కూడా కుచ్చిళ్ల చీరకు భిన్నంగా ఉంటాయి. కాబట్టి క్లయింటు ఇంటి పాత ఫోటోలు ఒకటి రెండు అడిగి తెప్పించుకోవడం ఇంటర్నెట్‌లో వెతకడం కంటే మేలు. అయితే ఆ ఫోటోలోని మనిషిని పోలికలతో సహా దించాలా, లేక కట్టు బొట్టు వరకే తీసుకోవాలా అన్నది స్పష్టంగా అడగాలి. ఒకవేళ ఆమె ఇప్పటికీ బతికి ఉంటే ఆమె సమ్మతి కూడా కావాలి.

ఆ తర్వాత అరచేతి సగం సైజులో పది పన్నెండు చిన్న రఫ్‌లు వేయాలి. వీటిలో ముఖం వద్దు, నగలు వద్దు. నల్లటి నీడలాగా ఆకారం మాత్రమే వేయాలి. జాడీని నడుం మీద ఆనించుకున్న బామ్మ, పీట మీద కూర్చుని రోలు ముందు వంగిన బామ్మ, చిటికెను కంటికి దగ్గరగా తెచ్చుకున్న బామ్మ, వీరిలో ఎవరి నీడను చూస్తే ఏం చేస్తోందో వెంటనే తెలుస్తుందో ఆమెనే ఎంచుకోవాలి. చేయి ఒంటి మీదుగా వెళితే నీడలో కలిసిపోతుంది, అందువల్ల ఆ చిటికె ఒంటికి బయట ఖాళీలో కనబడేలా భంగిమను తిప్పాలి. ఆకారాల భాష కూడా ఈ దశలోనే తేలాలి: గుండ్రటివి ఆప్యాయతను, చతురస్రాలు స్థిరత్వాన్ని, కోణాలు చురుకుదనాన్ని సూచిస్తాయి. బామ్మ ఒంటిని జాడీలాగే కింద గుండ్రంగా, భుజాల దగ్గర ఇరుకుగా వేసి, కనుబొమ్మను మాత్రం పదునైన కోణంగా వేస్తే ఆమె మెత్తదనమూ గడుసుతనమూ రెండూ పలుకుతాయి. నిష్పత్తి విషయానికి వస్తే, సహజంగా ఎదిగిన మనిషి ఎత్తు తల ఎత్తుకు ఏడు, ఏడున్నర రెట్లు ఉంటుంది. లేబులు మీద ముఖం స్పష్టంగా తెలియాలంటే మూడు, మూడున్నర తలలకు దించడం మంచిది. నవల ముఖచిత్రానికైతే ఈ కుదింపు అక్కరలేదు.

ఎంచుకున్న రఫ్‌ను శుభ్రంగా గీయకముందే దాన్ని నాలుగు సెంటీమీటర్లకు కుదించి మామూలు కాగితం మీద ప్రింటు తీసి చూడాలి. ఈ పరీక్షను చాలామంది ఆఖరున చేస్తారు, అప్పటికి మార్చడానికి మనసు ఒప్పదు. ఆ సైజులో ముక్కుపుడక చుక్కగా మిగిలి, ముడతలన్నీ మరకలుగా మారితే ముడతలను రెండు గీతలకు తగ్గించవలసిందే. మెడలో నాలుగు గొలుసులు వేయాలన్న కోరిక కూడా ఇక్కడే ఆగిపోతుంది. రంగులు ప్రధానంగా మూడు నాలుగుకు మించకపోతే మంచిది. పైన గోధుమరంగు, కింద మీగడ తెలుపు ఉన్న జాడీ, కారపు ఎరుపు, చీరకు ఒక రంగు చాలు. మామిడికాయ పచ్చను స్క్రీను మీద చూసి మురిసిపోకూడదు. తెరమీద మెరిసే పచ్చలు, నీలాలు సీఎంవైకే (నాలుగు సిరాల) ప్రింటులో మందగిస్తాయి, ఎరుపూ పసుపూ అంతగా మోసం చేయవు. బొమ్మను ఒకసారి నలుపు తెలుపుల్లోకి మార్చి చూస్తే ముఖమూ చీరా ఒకే గాఢతలో కలిసిపోతున్నాయో లేదో తెలిసిపోతుంది.

చూపించడం, దిద్దడం

క్లయింటుకు పది రఫ్‌లూ పంపితే ఒకదాని తల, మరొకదాని కాళ్లు కలపమంటారు. మనకు నచ్చినవే మూడు పంపాలి. నచ్చనిదాన్ని సంఖ్య కోసం కలిపితే అదే ఎంపికవుతుందన్నది ఈ వృత్తిలో అందరికీ తెలిసిన దురదృష్టం. రఫ్, లైన్ ఆర్ట్ (శుభ్రంగా గీసిన గీతల బొమ్మ), రంగులు అనే మూడు మెట్ల దగ్గరా ఆగి, ప్రతిచోటా సమ్మతి తీసుకున్నాకే ముందుకు సాగాలి. భంగిమలో మార్పులు రఫ్ దశలోనే అని, లైన్ ఆర్ట్ దశలో చిన్న దిద్దుబాట్లు రెండుసార్లు ఉచితమని, ఆపైన ప్రతిదానికీ విడిగా రుసుము ఉంటుందని ఒప్పందంలోనే రాసుకోవాలి. "ఏదో తేడాగా ఉంది" అని మాత్రమే క్లయింటు అంటే, తేడా ఎక్కడ ఉందో బొమ్మ మీదే వేలితో సున్నా చుట్టి పంపమనడం వాదించడం కంటే త్వరగా తేలే మార్గం.

ఫైళ్లు

ఫ్లెక్సీ దాకా వెళ్లే మస్కట్‌ను వెక్టర్‌లో చేయడం మంచిది; అందులో గీతలు పిక్సెళ్లుగా కాక లెక్కలుగా నిల్వ ఉంటాయి, కాబట్టి ఎంత పెంచినా గీత చెదరదు. వెక్టర్ బొమ్మలు వేసే ఇల్లస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్ కొనలేనివారికి ఇంక్‌స్కేప్ ఉచితంగా దొరుకుతుంది. బ్రష్షు గీతల అందం కావాలనుకుంటే క్రిటా, ప్రోక్రియేట్, క్లిప్ స్టూడియో పెయింట్ వంటివాటిలో వేయవచ్చు గానీ కాన్వాసు ముందే పెద్దదిగా తీసుకోవాలి. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర ఏ4 కాగితానికి 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. ఏ3కి 3508 × 4961. ఆరు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కాబట్టి 72 డీపీఐ లెక్కన 5184 × 2592 సరిపోతుంది. వాట్సాప్ స్టిక్కరుకు 512 × 512 పిక్సెళ్ల వెబ్‌పీ ఫైలు కావాలి. గీతలు, రంగులు, నీడలు, జాడీ, చేయి వేర్వేరు లేయర్లలో (ఒకదానిపై ఒకటి పేర్చిన పొరల్లో) ఉంచి వాటికి పేర్లు పెట్టుకుంటే, సంక్రాంతికి అదే బామ్మ చేతిలో అరిసెల పళ్లెం పెట్టమన్నప్పుడు బొమ్మను మొదటినుంచి వేయనవసరం ఉండదు. క్లయింటుకు మామూలుగా అందవలసినవి ప్రింటుకు పీడీఎఫ్, తెరకు నేపథ్యం లేని పీఎన్‌జీ. లేయర్ల ఫైలు అడిగితే దానికి వేరే ధర చెప్పడం న్యాయం.

ధర, హక్కులు

ధరను మూడు ముక్కలుగా కట్టడం సులువు: పనికి పట్టే గంటలకు మన గంట రేటు, అదనపు భంగిమలకు, నేపథ్యాలకు విడి రుసుము, వాణిజ్య వాడుకకు మరొక రుసుము. ఇంట్లో గోడకు పెట్టుకునే పుట్టినరోజు బొమ్మకూ, వేల సీసాల మీద ఏళ్ల తరబడి కనిపించే బామ్మకూ వేయడానికి ఒకే సమయం పట్టవచ్చు, ధర మాత్రం ఒకటి కాకూడదు. సగం మొత్తం అడ్వాన్సుగా అందాకే రఫ్ మొదలుపెట్టి, మిగతాది అందాకే పూర్తి సైజు ఫైలు పంపాలి. అప్పటిదాకా చూపించేది వాటర్‌మార్కు ఉన్న చిన్న ఫైలే. మధ్యలో పని ఆపేస్తే అడ్వాన్సు వెనక్కి రాదన్న షరతు కూడా ముందే రాసి ఉండాలి.

హక్కుల సంగతిలో మన చిత్రకారులు పొరబడే చోటు ఒకటుంది. వేసినవారిదే కాపీరైట్ అని చాలామంది ధీమాగా ఉంటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం సాధారణ నియమం అదే అయినా, ఆ సెక్షనులోని (బి) ఖండం ఒక మినహాయింపు పెట్టింది: ఒకరు కోరగా ప్రతిఫలం తీసుకుని వేసిన పెయింటింగుకు గానీ రూపచిత్రానికి గానీ, వేరే ఒప్పందం లేనప్పుడు, వేయించుకున్నవారే మొదటి హక్కుదారు అవుతారు. డిజిటల్ మస్కట్ ఈ మాటల కిందికి వస్తుందా రాదా అని తర్వాత వాదించుకునే బదులు, హక్కు చిత్రకారుడిదేనని, ఫలానా వాడుకలకు ఫలానా కాలం వరకు అనుమతి ఇస్తున్నామని ముందే సంతకాలతో రాసుకోవాలి. హక్కులు పూర్తిగా బదిలీ చేయదలిస్తే 19వ సెక్షను ప్రకారం అది రాతపూర్వకంగానే జరగాలి. కాలం రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని భావిస్తారు. అమెరికాలోని తెలుగు దుకాణాలకు పచ్చళ్లు పంపే వ్యాపారికి ఆ చివరి మాట చాలా ముఖ్యం. బదిలీ తర్వాత కూడా బొమ్మ తనదని చెప్పుకునే హక్కును 57వ సెక్షను చిత్రకారుడికే ఉంచింది. పోర్ట్‌ఫోలియోలో చూపించుకునే అనుమతిని మాత్రం విడిగా ఒక వాక్యంలో రాసుకోవడం మంచిది, ముఖ్యంగా బ్రాండు ఇంకా మార్కెట్లోకి రాకపోతే ఏ తేదీ తర్వాత చూపవచ్చో కూడా చేర్చాలి.

చెల్లింపులకు ఇక్కడి క్లయింట్లతో యూపీఐ గానీ బ్యాంకు బదిలీ గానీ సరిపోతాయి. పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి దేశంలోపలి చెల్లింపులు ఆపేసింది, విదేశాల నుంచి వచ్చే సొమ్ముకు మాత్రం వాడవచ్చు. కంపెనీలు టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) మినహాయించి ఇస్తే ఆ మొత్తం మీ పాన్ మీద నమోదైందో లేదో చూసుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో సేవల ద్వారా వచ్చే రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. ప్రతి పనికీ ఇన్వాయిసు ఇచ్చి, అందులో "పాత్ర చిత్రణ" అని వదిలేయకుండా లేబులు, స్టిక్కరు, ఫ్లెక్సీ అని వాడుకలను పేరుపేరునా రాస్తే, ఏడాది తర్వాత అదే బామ్మ టీషర్టుల మీద కనిపించినప్పుడు కొత్త రుసుము అడగడానికి ఆ కాగితమే చాలు.